ముప్పావు గంట దర్శనం

కార్తీక సోమవారం మధ్యాహ్నం దాటిందంటే ద్రాక్షారామంలో గుడి వీధికి ఊపిరాడదు. ఒకదాని వెనక ఒకటి ఆర్టీసీ స్పెషల్ బస్సులు. ముందు అద్దం మీద 'పంచారామాలు' అని అంటించిన కాగితం. కిటికీ చువ్వలకు కట్టి ఆరేసిన తడి చీరలు, తువ్వాళ్లు. తెల్లవారుజామున అమరావతిలో దర్శనం మొదలుపెట్టినవాళ్లు, భీమవరం, పాలకొల్లు చూసుకుని ఇక్కడికొచ్చేసరికి సగం మంది కళ్లు మూతలు పడుతుంటాయి. బస్సు ఆగీ ఆగకముందే కండక్టరు లేచి నిలబడతాడు.

"అమ్మా, ముప్పావు గంటే టైము! నాలుగుంబావుకల్లా అందరూ సీట్లలో ఉండాలి. ఇంకా సామర్లకోట ఉంది."

అంతే. చెప్పులు బస్సులోనే వదిలేసి, పళ్లూ పూలూ గుండెలకు అదుముకుని పరుగు. ఒకేరోజున అయిదు ఆరామాలూ చూస్తే పుణ్యమని నమ్మకం. తారకాసురుడి మెడలోని లింగాన్ని కుమారస్వామి ఛేదించాడనీ, అది అయిదు ముక్కలై అయిదుచోట్ల పడిందనీ పురాణకథ. పురాణంలో కుమారస్వామికి ఎంతసేపు పట్టిందో గానీ, ఆ ముక్కల్ని మళ్లీ కలుపుకోవడానికి ఈ భక్తులకున్నది ఒక్క పగలూ ఒక్క రాత్రీ.

ఆ పరుగును గుడి వీధిలోని తన ఇంటి అరుగు మీద కూర్చుని ఏళ్ల తరబడి చూశారు మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్తు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్లో పేరుతో పనిలేదు, మాస్టారంటే ఆయనే. బస్సులు వచ్చినప్పుడల్లా ఆయన నోటివెంట ఒకటే మాట: "చూడ్డానికొచ్చారా, హాజరు వేయించుకోడానికొచ్చారా?"

ఆయన బాధలో అర్థం లేకపోలేదు. తూర్పు చాళుక్య రాజు మొదటి భీముడు పదో శతాబ్దం మొదట్లో కట్టించాడని చెప్పే గుడి అది. మెట్లెక్కి పై అంతస్తులోకి వెళితే తప్ప స్వామి అభిషేకం కళ్లబడదు. అంత పొడుగు లింగం. అమ్మవారు మాణిక్యాంబ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు. శ్రీనాథుడు ఈ క్షేత్రం మీద భీమేశ్వర పురాణం రాసి బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చాడు. అవన్నీ ఒక ఎత్తు. మాస్టారికి ప్రాణమైనవి మాత్రం గోడల మీదా స్తంభాల మీదా ఉన్న శాసనాలు. ఒకటీ రెండూ కాదు, వందలు. తెలుగు, సంస్కృతం, తమిళం. తమిళమెందుకంటారా? చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు ఎవరనుకున్నారు, మన రాజమండ్రి రాజరాజనరేంద్రుడి కొడుకే! నన్నయగారి చేత భారతం రాయించిన రాజు కొడుకు తమిళదేశానికి రాజయ్యాడన్నమాట. ఈ ముక్క చెప్పేటప్పుడు మాస్టారి మొహం పెళ్లికొడుకు తండ్రి మొహంలా వెలిగిపోతుంది.

ఆ శాసనాల్లో చాలావాటిది ఒకటే విషయం. దీపం. ఫలానా వారు ఫలానా పుణ్యం కోసం భీమేశ్వరుడికి అఖండదీపం పెట్టారు. అందుకు యాభై గొర్రెల్ని ఇచ్చారు. వాటిని తీసుకున్న ఫలానా బోయ రోజూ మానెడు నెయ్యి తెచ్చి గుళ్లో పొయ్యాలి. రాజులు, రాణులు, మంత్రులు, సెట్లు, ఎవరిచ్చినా లెక్క అదే. దీపానికి డబ్బిచ్చి ఊరుకుంటే డబ్బు అయిపోతుంది. గొర్రెల్ని ఇస్తే అవి పిల్లల్ని పెడతాయి, దీపం ఆరదు. వెయ్యేళ్ల కిందటి ఫిక్స్‌డ్ డిపాజిట్టు! బస్సుల్లో వచ్చినవాళ్లు ఆ స్తంభాలకే బొట్లు పెట్టి, ఆ రాతల మీదే చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకుని వెళ్లిపోతుంటారు.

అయితే ఇంటికొచ్చిన చుట్టాలకు ఈ అదృష్టం ఉండేది కాదు. మాస్టారు వెంటపెట్టుకుని తీసుకెళ్లేవారు. సప్తగోదావరి కొలను మెట్ల దగ్గర మొదలు. సప్తరుషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చిన కథ ఒక అరగంట. ప్రాకారం చుట్టూ శాసనాలు గంటన్నర. పదిహేడో శతాబ్దంలో ఒలాందావాళ్లు, అంటే డచ్చివాళ్లు, బట్టల వ్యాపారం కోసం ఈ ఊళ్లో పెట్టుకున్న స్థావరం గురించి మరో అరగంట. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇంటికి చేరేసరికి చుట్టాలకు శోష వచ్చేది. "మీ ఆయన గుడి చూపించడం లేదే అక్కా, జీర్ణోద్ధరణ చేయిస్తున్నారు" అన్నాడు మాస్టారి బావమరిది ఒకసారి, కాళ్లు పిసుక్కుంటూ.

ఇంతకీ అసలు చిక్కు 2024 వేసవిలో వచ్చింది. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోన్ చేసి, అమ్మానాన్నలు ఈ ఏడాది యూరప్ చూసి తీరాల్సిందేనన్నాడు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, హైదరాబాద్ నుంచి ప్యాకేజీ టూరు. తొమ్మిది రోజులు, పారిస్‌తో మొదలై రోమ్‌తో ఆఖరు. మనవాళ్లే ముప్పై ఎనిమిది మంది, మన భోజనం, వీసా కాగితాల దగ్గర్నుంచి అన్నీ వాళ్లే చూసుకుంటారు. రెండోది, నేరుగా తన దగ్గరికి రావడం. రైళ్లలో నెమ్మదిగా ఎక్కడ కావాలంటే అక్కడ దిగి చూడటం. కాకపోతే తనకు దొరికే సెలవు నాలుగు రోజులే, మిగతా రోజులు వాళ్లిద్దరే తిరగాలి.

"రెండోదే!" అన్నారు మాస్టారు, ఫోన్ ఇంకా పెట్టెయ్యకముందే.

"మొదటిదే," అందావిడ వంటింట్లోంచి.

అది మూడు వారాలు నడిచింది. మాస్టారు ఏనుగుల వీరాస్వామయ్యను సాక్ష్యానికి పిలిచారు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన మహానుభావుడు. దారిలో ప్రతి మజిలీలో ఏం దొరుకుతుందో, మనుషులు ఎలా ఉంటారో రాసుకుంటూ వెళ్లాడు. ఆయన్ని ముప్పావు గంటలో బస్సెక్కమన్నవాడెవడు? యాత్రంటే అదీ!

"ఆయన వెంట వందమంది పరివారం ఉన్నారని మీరే చెప్పారుగా. నా వెంట ఉండేది మీరొక్కరు" అందావిడ.

ఆమె మాటకు వెనక పాత లెక్క ఉంది. 2009లో హంపి వెళ్లారిద్దరూ. గైడొద్దు, ఆటో వద్దు, నేను చూపిస్తానన్నారాయన. విరూపాక్షుడి గుడి నుంచి విఠలాలయం దాకా తుంగభద్ర ఒడ్డున మే నెల ఎండలో నడక. ప్రతి మండపం దగ్గరా పది నిమిషాల ఆగుడు. సాయంత్రానికి ఆవిడ హోస్పేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో సెలైను ఎక్కించుకుంటూ పడుకుంది. రాతి రథం చూశారా అని ఎవరైనా అడిగితే, "సెలైను స్టాండు చూశాను" అంటుంది ఇప్పటికీ.

మరో లెక్క కూడా ఉంది. అది ఆవిడ పైకి చెప్పలేదు. పెళ్లయిన ముప్పై ఏడేళ్లలో ఆవిడ మొగుడి వెంట కాకుండా చేసిన ప్రయాణం ఒక్కటే. ఒక కార్తీకంలో, వీధిలోని ఆడవాళ్లు ఆరుగురితో కలిసి రామచంద్రపురంలో ఎక్కిన పంచారామాల బస్సు. పులిహోర పొట్లాలు, అంత్యాక్షరి, కునికిపాట్లు. భీమవరంలో శివుడి నెత్తి మీద, పై అంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటుందని ఆమె కళ్లతో చూసింది. అంతకుముందు మాస్టారు చెబితే వింది, అంతే. ఆ రోజంతా పొయ్యి వెలిగించలేదు, ఎవరికీ మంచినీళ్లు అందించలేదు. టైమైపోతోందని కండక్టరు అరుస్తుంటే పరుగెత్తడం కూడా బాగుందట! ఆయన పరిహసించే ఆ బస్సుల్లో ఎక్కేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లేనని, అందులో చాలామందికి తోడు వచ్చేవాళ్లు ఎవరూ లేరని, ఆ బస్సే లేకపోతే వాళ్లు గడప దాటరని మాస్టారికి ఎన్నడూ తట్టలేదు. అరుగు మీంచి చూస్తే అందరూ ఒకేలా పరుగెడుతున్నట్టు కనిపిస్తారు.

మోకాళ్లే తీర్పు చెప్పాయి. డాక్టరు ఎక్కువ నడవొద్దన్నాడు. ప్యాకేజీకి డబ్బు కట్టారు. టూరు అయిపోయాక రోమ్‌లోనే రెండు రోజులు ఆగిపోయేట్టూ, అక్కడికి కొడుకు వచ్చేట్టూ రాజీ కుదిరింది.

పారిస్, స్విట్జర్లాండ్ సంగతులు వదిలేద్దాం. వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చూపించే ఫొటోలే అవి. మంచులో శాలువా కప్పుకుని నిలబడ్డవి. మాస్టారు కూడా బుద్ధిగానే ఉన్నారు. పొద్దున ఆరింటికి సూట్‌కేసు గది బయట పెట్టడం, ఏడున్నరకి బస్సెక్కడం, టూర్ మేనేజరు జెండా వెనక నడవడం. ఇటలీలో ఆయనకొక మర్యాద నచ్చింది. అక్కడ లైసెన్సున్న గైడే చారిత్రక కట్టడాల గురించి చెప్పాలి. మన టూర్ మేనేజరు నోరు మూసుకుని వెనక నడవాల్సిందే. అందరి చెవుల్లోనూ చిన్న రేడియోలు. గైడు ఎంత దూరంలో ఉన్నా ఆమె గొంతు చెవిలోనే వినిపిస్తుంది.

రోమ్‌లో మొదటిరోజు పొద్దున కొలోసియం. వెస్పేసియన్ చక్రవర్తి మొదలుపెట్టగా, క్రీస్తుశకం 80లో అతని కొడుకు టైటస్ ప్రారంభించిన ఆట బరి. ఆ గైడు, యాభై ఏళ్ల ఇటలీ ఆవిడ, లోపలికి వెళ్లకముందే బయట కమాను మీద చెక్కిన అంకె చూపించింది. మొత్తం 80 ద్వారాలు, అందులో 76 ద్వారాలకు నంబర్లు. జనం తమకిచ్చిన చీటీ మీద నంబరు చూసుకుని ఆ ద్వారంలోంచి వెళ్లేవారట. రెండు వేల ఏళ్ల కిందటి గేటు నంబరు! తానొక్కడే వచ్చి ఉంటే ఆ అంకె వైపు తలెత్తి చూసేవాణ్ని కాదని మాస్టారు భార్యతో ఒప్పుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. అక్కడ గంటా పావు ఇచ్చారు, సరిపోయింది కూడా.

గొడవ మధ్యాహ్నం జరిగింది. పెద్ద బస్సుల్ని రోమ్ నడిబొడ్డులోకి రానివ్వరు. ఎక్కడో దింపితే సందుల్లోంచి నడిచి పాంథియన్ ముందున్న చౌకుకు చేరారు. పాంథియన్ అంటే సకల దేవతల గుడి. ఏడో శతాబ్దం నుంచి చర్చి. ప్యాకేజీలో దానికి లోపలి దర్శనం లేదు. పదిహేను నిమిషాలు, ఫొటోలు, అంతే. మాస్టారు తలెత్తారు. ముఖమండపం నుదుటి మీద, ఇంతింత అక్షరాలు.

శాసనం!

గైడు చెబుతోంది: ఈ గుడి మార్కస్ అగ్రిప్పా కట్టించాడని అక్కడ రాసి ఉంది. కానీ అగ్రిప్పా కట్టింది కాలిపోయింది. ఇప్పుడున్నది రెండో శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి పూర్తిచేసింది. అయినా ఆయన తన పేరు పెట్టుకోలేదు, పాతవాడి పేరే ఉంచాడు.

ఇక మాస్టారి కాళ్లు నేల మీద నిలబడలేదు. కట్టినవాడు తన పేరు రాసుకోని శాసనం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లోపలికి వెళ్లడానికి 2023 నుంచి టికెట్టు పెట్టారు, అయిదు యూరోలు. "ఇప్పుడే వస్తా, ఇక్కడే కూర్చో" అని భార్యను చౌకు మధ్యలో ఫౌంటెన్ మెట్ల మీద కూర్చోబెట్టి, రేడియో ఆమె చేతిలో పెట్టి, క్యూలో దూరారు.

లోపల ఏమైందంటే ఆయన సరిగ్గా చెప్పలేరు. పైన గుండ్రటి గుమ్మటం, అడ్డంగా కొలిచినా, నేల నుంచి నిలువునా కొలిచినా 43 మీటర్లే. ఇనుప ఊచ ఒక్కటి లేని కాంక్రీటు. నడినెత్తిన తొమ్మిది మీటర్ల వెడల్పున కన్నం, మూతలేదు. ఎండా వానా నేరుగా లోపలికే. నీళ్లు పోవడానికి నేలలో చిల్లులున్నాయి. కన్నంలోంచి పడిన ఎండ గోడ మీద పళ్లెంలా నిలిచి, చూస్తుండగానే కదులుతోంది. ఆ పళ్లెం ఒక స్తంభం దగ్గర్నుంచి పక్క గూటి దాకా జరిగే వరకు ఆయన అలాగే నిలబడిపోయారు. చేతికి గడియారం ఉంది. చూసుకోలేదు.

బయటికొచ్చేసరికి యాభై నిమిషాలు. చౌకులో జెండా లేదు, జట్టు లేదు. ఫౌంటెన్ మెట్ల మీద ఆవిడ ఒక్కతే, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, గుడి గుమ్మం వైపే చూస్తూ. జట్టంతా బస్సు దగ్గరికి వెళుతుంటే రమ్మన్నారట. ఆయన వస్తే గానీ కదలనందట. టూర్ మేనేజరు రెండుసార్లు పరుగెత్తుకొచ్చి వెళ్లాడు. మాస్టారి ఫోన్ హోటల్లో ఛార్జింగులో ఉంది.

ఆవిడ తిట్టలేదు. "నీళ్లు కావాలా?" అని అడిగింది, అంతే. రోమ్ వీధుల్లో ఎక్కడపడితే అక్కడ ఆగకుండా పారే కుళాయిలుంటాయి. ఆ చుట్టుపక్కల ఒకదాన్ని ఆమె ఎప్పుడో కనిపెట్టి సీసా నింపి ఉంచింది. ఆ సీసా అందుకుంటుంటే ఆమె వేళ్లు వణకడం మాస్టారు గమనించారు.

బస్సులోకి ఎక్కినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత సెయింట్ పీటర్స్. ఆలస్యమైనందుకు అక్కడ సెక్యూరిటీ క్యూ చౌకు చుట్టూ మెలికలు తిరిగిపోయింది. లోపలికి చేరేసరికి తిరుగు ప్రయాణానికి పావుగంటే మిగిలింది.

ఆ జట్టులో గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు ఒకావిడ ఉంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కథోలిక కుటుంబం. పారిస్‌లోనూ స్విట్జర్లాండ్‌లోనూ ఆమె పెద్దగా ఏదీ చూసినట్టు లేదు. ఎవరడిగినా, "నాకు పేతురుగారి సమాధి చాలండి, మిగతావి దార్లో ఊళ్లు" అనేది. ఏడేళ్లు పెన్షన్‌లో దాచిన డబ్బట. తొమ్మిది రోజుల టూరులో ఆమె కొనుక్కున్నది నిజానికి ఆ ఒక్క గంట. అందులో ముప్పావు గంటను మాస్టారు పాంథియన్‌లో ఖర్చుపెట్టేశారు.

లోపల పేతురుగారి కంచు విగ్రహం ఉంది. శతాబ్దాలుగా యాత్రికులు తాకి తాకి కుడి పాదం వేళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఆవిడ తిన్నగా దాని దగ్గరికే వెళ్లి నిలబడింది. పక్కకు గానీ పైకి గానీ చూడలేదు. జెండా ఊపగానే వెనక్కి తిరిగింది. బస్సులో మాస్టారు ఆమె సీటు దగ్గరికి వెళ్లి క్షమించమన్నారు.

"చూశాను కదండీ మాస్టారూ. దేవుడు టైము చూసుకుంటాడా?" అందావిడ. కోపంతో అనలేదు. అదే ఆయనకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు జట్టు విమానమెక్కింది, కొడుకు దిగాడు. ఇక జెండా లేదు, టైము లేదు. మాస్టారు కోరుకున్న యాత్ర. రోమన్ ఫోరమ్‌కు వెళ్లారు ముగ్గురూ. రాళ్లు. విరిగిన స్తంభాలు. ఇంకా రాళ్లు. అర ఎకరానికో బోర్డు, అందులో నాలుగు ముక్కలు. కొడుకు ఫోన్‌లో చదివి వినిపించబోయాడు. ఎండలో తెర కనబడలేదు. ఆవిడ ఒక నీడ చూసుకుని కూర్చుంది. ద్రాక్షారామంలో ఏ స్తంభం మీద ఎవరి దీపముందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి, ఇక్కడ తానూ ఒక పంచారామాల బస్సు దిగినవాడిలాగే ఉన్నానని తెలుసుకోవడానికి గంటైనా పట్టలేదు. తేడా ఒక్కటే. వాళ్లకు కనీసం ఏ దేవుడి దగ్గరికి వచ్చారో తెలుసు.

సెప్టిమియస్ సెవెరస్ కమాను దగ్గర వేరే జట్టు ఒకటి ఆగింది. వాళ్ల గైడు ఇంగ్లీషులో గట్టిగానే చెబుతున్నాడు. మాస్టారు ఏదో ఫొటో తీస్తున్నట్టు నటిస్తూ పక్కన చేరారు. క్రీస్తుశకం 203లో కట్టిన ఆ కమాను మీది శాసనంలో చక్రవర్తి పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు ఉండేవట. తండ్రి పోయాక పెద్దకొడుకు కారకల్లా తమ్ముడు గెటాను చంపించి, నాలుగో వరుసలో తమ్ముడి పేరు చెక్కేయించి దాని మీద వేరే మాటలు పెట్టించాడు. పాత అక్షరాలు బిగించిన చిల్లులు మాత్రం రాతిలో అలాగే మిగిలాయి. అవి చూసే ఆ పేరేమిటో చదవగలిగారట. మాస్టారి ఒళ్లు జలదరించింది. నిన్న తన పేరు రాసుకోనివాడు, ఇవాళ తమ్ముడి పేరు చెరిపేసినవాడు! జట్టు ముందుకు కదిలింది. ఆయనా రెండడుగులు వేశారు. గైడు వెనక్కి తిరిగి చూస్తే సిగ్గుపడి ఆగిపోయారు.

"డబ్బులిచ్చి మనమే ఒక గైడును పెట్టుకుందాం నాన్నా" అన్నాడు కొడుకు.

"రేపు పెట్టుకుందాంరా" అన్నారాయన. "ఇవాళ అమ్మ ఎటు తీసుకెళితే అటు."

అమ్మ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. చౌకులో కుర్చీలేసిన ఒక కాఫీ కొట్టు ముందు రెండు గంటలు కూర్చోబెట్టింది. వీధి ఊడ్చేవాళ్లు, నన్నులు, స్కూటర్ల మీద ఆఫీసులకు పరుగెత్తేవాళ్లు. 2025 జూబిలీ యాత్రికుల కోసం ఎక్కడ చూసినా తవ్వకాలు. పుష్కరాల ముందు రాజమండ్రి ఇలాగే ఉండేదని తల్లీకొడుకులు నవ్వుకున్నారు. రోమ్ గురించి ఆవిడ ఇప్పటికీ ఎవరికైనా చెప్పేది ఆ రెండు గంటల సంగతే.

ఎవరైనా ఇప్పుడు యూరప్ వెళుతున్నామని సలహా అడిగితే మాస్టారు తేల్చి చెప్పరు. ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఇంట్లో ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయి? అక్కడ మీరు చూసి తీరాల్సింది ఏదైనా ఒక్కటుందా? ఉంటే దాన్ని ప్యాకేజీ కాగితంలో వెతకండి. లోపలికి తీసుకెళతారో, బయట నుంచి ఫొటోనో చూసుకోండి. కాంబోడియా వెళ్లే మేనల్లుడితో మాత్రం గట్టిగా పట్టుబట్టారు. ఆంగ్‌కోర్‌కు ఒకరోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులది 62. "మూడోదినం నువ్వు ఊరికే కూర్చోడానికి కొనుక్కోరా. మొదటిరోజు మాత్రం గైడు లేకుండా అడుగు పెట్టకు." వాడు ఒకరోజుదే కొన్నాడన్నది వేరే విషయం.

2024 నవంబరు, కార్తీకం మూడో సోమవారం. బస్సులు మామూలుగానే వచ్చాయి. మాస్టారు అరుగు మీద లేరు. గుళ్లో ప్రాకారం పక్కన, తనకిష్టమైన స్తంభానికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఎవరినీ పిలవలేదు.

డెబ్బై దాటిన ముసలావిడ ఒకతె అక్కడే నేల మీద చతికిలబడి నేతిలో నానబెట్టిన వత్తుల కట్ట విప్పుతోంది. 365 వత్తులు. ఏడాదంతా పెట్టలేకపోయిన దీపాలు ఒక్కసారే వెలిగించేస్తారు మనవాళ్లు. గాలికి అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. మాస్టారు వంగి రెండు చేతులూ అడ్డం పెట్టారు. వత్తులు అంటుకున్నాయి.

"మామ్మగారూ, ఇదిగో ఈ స్తంభం మీద ఏం రాసుందో తెలుసాండీ? ఇక్కడ దీపం ఆరిపోకుండా వెలగాలని యాభై గొర్రెల్నిచ్చారు. ఒక బోయ వాటి నెయ్యి రోజూ మానెడు తెచ్చిపొయ్యాలి."

ఆమె దీపం మీంచి కళ్లెత్తి స్తంభం వైపు చూసింది. "ఎప్పటి మాట బాబూ?"

"వెయ్యేళ్ల లోపే."

"యాభై గొర్రెలే!" అని ఆమె కాసేపు లెక్కవేసుకుంది. వాళ్లదీ గొర్రెలున్న ఇల్లేనట, నర్సరావుపేట పక్కన. "మేపడానికి ఇద్దరు మనుషులు కావాలి బాబూ. ఆ బోయ ఒక్కడూ ఎలా చూశాడు? మరి ఎండాకాలం నీళ్లో?"

ముప్పై ఏళ్లుగా ఆ శాసనం చదువుతున్న మాస్టారికి ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. జవాబు వెతుక్కుంటుండగానే బయట హారన్ మోగింది. పొడుగ్గా, రెండుసార్లు. ముసలావిడ కంగారుగా లేవబోయింది, మోకాలు సహకరించలేదు. దీపం ఇంకా సగమైనా కాలలేదు.

"మీరు కూర్చోండి" అని మాస్టారు పంచె ఎగదోపుకుని గోపురం వైపు పరుగెత్తారు. కండక్టరు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు.

"బాబూ, మామ్మగారు ఒకరు లోపలున్నారు. అయిదు నిమిషాలు!"

"ఎలాగండి బాబూ, సామర్లకోటలో లేటైపోద్దండి. ఇంతమందీ..."

"తెలుసు" అన్నారు మాస్టారు రొప్పుతూ. "అయిదంటే అయిదే. నేను పట్టుకొస్తాను."